ఫైర్ యాంట్స్‌తో మా లాన్

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఏప్రిల్‌లో ఓ మంచి వాన పడితే చాలు, లాన్‌లో అక్కడక్కడా మెత్తటి మట్టి కుప్పలు లేస్తాయి. పైన కన్నం కనపడదు. పుల్లతో కదిపామా, వందల చీమలు ఆ పుల్ల మీదకే ఎగబాకుతాయి. ఇవే ఫైర్ యాంట్స్. దవడలతో చర్మం పట్టుకుని, ఒళ్ళు తిప్పుకుంటూ తోక కొండితో చుట్టూ పొడుస్తాయి. మర్నాటికి తెల్లటి పొక్కులు. మా పాప పాదం మీద అవి వరసగా లేచాక ఇక ఊరుకోలేదు.

అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ "మరిగే నీళ్ళు పోస్తే సరి" అంది. అదీ పనిచేస్తుంది గానీ ప్రతిసారీ కాదు, పైగా అక్కడి గడ్డి మాడిపోతుంది. రాణి చీమ బతికితే పక్కనే ఇంకో పుట్ట.

టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్ళు చెప్పే పద్ధతి పట్టుకున్నాను. ముందు లాన్ అంతటా ఎర చల్లాలి, తర్వాత మొండికేసిన పుట్టలకు విడిగా మందు. ఎర అంటే సోయా నూనెలో మందు కలిపి పట్టించిన మొక్కజొన్న రవ్వ. చీమలు దాన్ని తిండి అనుకుని లోపలికి మోసుకెళ్ళి పిల్లలకూ రాణికీ పెడతాయి. అందుకే పుట్టను కదపకూడదు, కదిపితే మేత మానేసి కాపలాకు దిగుతాయి.

చల్లే ముందు చీమలు మేతకు వస్తున్నాయో లేదో చూడాలి. అమ్మ చేసిన చెక్క ఒకటి తుంచి పుట్ట దగ్గర పెట్టాను. కాసేపటికి నల్లగా మూగాయి. (అమ్మకు కోపం వచ్చింది, చిప్స్ ముక్క సరిపోయేదిగా అని!) నేల పొడిగా ఉండాలి, ఒకట్రెండు రోజులు వాన పడకూడదు, స్ప్రింక్లర్ ఆపాలి. ఎకరానికి పౌండు, పౌండున్నర ఎర చాలు కాబట్టి మా లాన్‌కు పట్టింది ఒకట్రెండు గుప్పెళ్ళే. చేత్తో తిప్పే స్ప్రెడర్‌తో పలచగా చల్లాను. పాత డబ్బా వాడొద్దు, నూనె కంపు కొడితే చీమలు ముట్టవు. ఫలితం వెంటనే కనపడదు, వారాలు పడుతుంది. నెల దాటేసరికి చాలా పుట్టలు ఖాళీ అయ్యాయి. వీధి గేటు దగ్గరి రెండింటికి మాత్రం విడిగా మందు పోశాను.

ఇదే సందులో, షాపులో వేరుపురుగు మందు సంచి కూడా అంటగట్టబోయారు. వేరుపురుగంటే అమ్మకు కొత్తా? వేరుశనగ చేలో చూసిందే. పచ్చిక చదరపు అడుగు మేర తవ్వి, మడత పడుకున్న తెల్లటి లావు పురుగులను లెక్కపెట్టి "రెండే" అంది. చదరపు అడుగుకు ఐదారు దాటితేనే గడ్డికి ముప్పు. పైగా వసంతంలో అవి బాగా బలిసి ప్యూపా (రెక్కల పురుగుగా మారేముందు కదలకుండా ఉండే దశ) అయ్యే దశలో ఉంటాయి, మందు పెద్దగా ఎక్కదు. వేయాల్సి వస్తే వేసవిలో, పిల్ల పురుగులుగా ఉన్నప్పుడు వేయాలి. సంచి కొనలేదు.