గీత తెగిన చోట

నేను పదకొండేళ్ళు పనిచేసిన ఒక కార్యాలయంలో రికార్డు గది ఉండేది. దాన్ని గది అనడం కంటే మెట్ల కింద మిగిలిన చోటు అనడమే న్యాయం. అక్కడ ఒక ఇనుప అరలో నలభై రెండు లెడ్జర్లు, అన్నీ ఒకే రకం ఖాకీ గుడ్డ అట్టతో, వెన్ను మీద నంబర్లు చెరిగిపోయి, వరుసగా నిలబడి ఉండేవి. తీసినవాళ్ళు తీసిన చోట పెట్టే అలవాటు మా దగ్గర ఎవరికీ లేదు కనుక, కావలసిన పుస్తకం దొరకడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది.

మా రికార్డు అసిస్టెంటు నాకంటే పదేళ్ళు పెద్దావిడ. ఆవిడ ఒకరోజు ఆ పుస్తకాలన్నిటినీ సరైన క్రమంలో పేర్చి, మొదటి పుస్తకం వెన్ను పైకొస నుంచి చివరి పుస్తకం వెన్ను కింది కొస దాకా, ఎర్ర పెయింటుతో ఒకే ఏటవాలు గీత గీశారు. ఏమిటమ్మా ఇది అని అడిగితే, "గీత తెగిన చోట పుస్తకం లేనట్టు సార్, ఎగుడుదిగుడైన చోట తారుమారైనట్టు" అన్నారు. ఆ తర్వాత లెడ్జరు వెతకడానికి నిమిషం కూడా పట్టలేదు.

పనిచేసే చోట సృజనాత్మకత అన్న మాట ఎక్కడ విన్నా నాకు మొదట గుర్తుకొచ్చేది ఆ గీతే. ఆ మాట మీద మా సంస్థ రెండు రోజుల శిక్షణ కూడా ఇప్పించింది కానీ, దానికి వెళ్ళినవాళ్ళం అధికారులమూ గుమాస్తాలమూ మాత్రమే. రోజూ ఆ మెట్ల కింద వంగి వెతికే మనిషిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం కథ తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. అయితే దాన్ని పట్టుదల కథగా చెప్పుకున్నంతగా, పని తెలిసిన మనిషి చూపు కథగా మనం చెప్పుకోలేదని నా అభిప్రాయం. పోచంపల్లి పట్టుచీరకు పేక నూలును, అంటే అడ్డంగా నేసే దారాన్ని, చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచే ముందు, ఒక పక్కనున్న మేకుకూ దాని ఎదుట అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకులకూ మధ్య ఆ నూలును పోయాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూసిన మల్లేశం గారు, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి, 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ కథలో నన్ను ఆపేసే ఘట్టం వేరే ఉంది. ఎన్నాళ్ళుగానో కుదరక మిగిలిపోయిన ఒక కదలికకు దారి ఆయనకు హైదరాబాదు బాలానగర్‌లో, కూలి కోసం వెళ్ళిన పనిచోట, ఇంకేదో పనికి తిరుగుతున్న ఒక యంత్రాన్ని చూసినప్పుడు దొరికింది. ఆ యంత్రాన్ని రోజూ నడిపేవాళ్ళకు అందులో వింతేమీ కనిపించి ఉండదు. ఏళ్ళ తరబడి ఒకే చిక్కుముడిని మనసులో మోస్తున్న మనిషికి మాత్రమే అది జవాబులా కనిపించింది.

ఇదే దారిలో, వందేళ్ళ ముందు, జపాన్‌లో సకిచి టొయోడా నడిచాడు. తల్లి మగ్గం దగ్గర పడే కష్టం చూస్తూ పెరిగిన ఆయన 1890లో మెరుగైన చెక్క చేతిమగ్గాన్ని తయారు చేశాడు. తరువాత ఆయన మగ్గాలు దారం తెగితే తమంతట తామే ఆగిపోయే స్థితికి వచ్చాయి. కొడుకు స్థాపించిన కార్ల కంపెనీ టొయోటా 1951లో కార్మికుల సూచనలు తీసుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ పద్ధతి ఇన్నేళ్ళు నిలవడానికి కారణం సూచనలు వేసే పెట్టె కాదని నేను అనుకుంటాను. రాసిన సూచనకు జవాబు వస్తుంది, చిన్నదైనా ప్రతిఫలం ఉంటుంది, పనికొస్తే అది అమలవుతుంది. జవాబు రాని చోట రెండోసారి ఎవరు రాస్తారు?

మా కార్యాలయంలోనూ ఒక సలహాల పెట్టె ఉండేది. ఎర్ర గీత గురించి రాసి, మిగతా సెక్షన్లలోనూ ఇలా చేయవచ్చని ఒక కాగితం అందులో వేశాను. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదని తరువాత తెలిసింది. ఆ ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి గీతను చూసి, కార్యాలయ ఆస్తిని పాడుచేశారని రాసి, సంజాయిషీ అడిగారు. ఆవిడకు రాయడం అంతగా రాదు కనుక సంజాయిషీ నేనే రాసిపెట్టాను. గీత ఎందుకు గీశారో, దానివల్ల ఎంత సమయం మిగిలిందో రాయవలసింది పోయి, "ఇకమీదట ఇటువంటి పొరపాటు జరగనివ్వనని మనవి" అని ముగించాను. నౌకరీ భయం ఆవిడకంటే నాకే ఎక్కువగా ఉందని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా సంతకం చేశారు. లెడ్జర్లన్నిటికీ గోధుమరంగు అట్టలు వేయించి గీతను కప్పేశాము.

నెల తిరిగేసరికి పుస్తకాలు మళ్ళీ తారుమారయ్యాయి. ఒక సాయంత్రం ఏదో లెడ్జరు కోసం మెట్ల కిందికి వెళ్ళి లైటు వేశాను. పుస్తకాలన్నీ వరుసలో ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే, కొత్త అట్టల వెన్నుల మీద, పైనుంచి కిందికి, ఏటవాలుగా, ఈసారి పెన్సిల్‌తో గీసిన సన్నని గీత ఉంది.