చెయ్యి వెచ్చగా ఉంది, నాడి లేదు

కుషాయిగూడలో నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు. పంపు గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు అనుకునేవాణ్ని. కిందటేడు ఆగస్టులో మా చెల్లెలి ప్రాణం ఏడు రోజులు ఒక పంపు మీదే నిలబడింది. అప్పుడు తెలిసింది నాకెంత తెలియదో.

చెల్లెలికి 29 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్. బీపీ లేదు, షుగర్ లేదు. నాలుగు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. వానాకాలం కదా అని డెంగీ టెస్టు చేయించాం, నెగటివ్. ఐదో రోజు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయింది. ఇంటి దగ్గరి నర్సింగ్‌హోంలో గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ ఇచ్చి రెండు గంటలు పడుకోబెట్టారు. ఆ రెండు గంటల మీద నాకు ఇప్పటికీ కోపమే. వాంతి అయ్యాక చేతులు పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. అప్పుడు గానీ ఈసీజీ తీయలేదు. బీపీ 80 దగ్గర ఊగుతోంది. అంబులెన్స్‌లో తార్నాక మీదుగా పెద్దాస్పత్రికి చేరేసరికి రాత్రి పదకొండయింది.

అక్కడ ఎకో, అంటే గుండె స్కానింగ్, చేసిన డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చిందట, మయోకార్డైటిస్. మామూలు గుండె కొట్టుకున్న ప్రతిసారీ గదిలో ఉన్న రక్తంలో సగానికి పైగా బయటికి తోస్తుంది. మా చెల్లెలి గుండె తోస్తోంది 15 శాతం. "కార్డియోజెనిక్ షాక్‌లో ఉంది" అన్నాడు. షాక్ అంటే నాకు కరెంటు, అమ్మకి భయం. వాళ్లు చెప్పేది వేరు. గుండె తోసే రక్తం ఒంటికి చాలక కిడ్నీ, లివర్ ఒక్కొక్కటే చేతులెత్తేయడం. లాక్టేట్ అని ఒక రక్తపరీక్ష ఉంటుంది, 2 లోపు ఉండాలి. ఆమెకి 8. యూరిన్ బ్యాగు దాదాపు ఖాళీ.

బీపీ నిలబెట్టడానికి నార్‌ఎడ్రినలిన్, గుండెకి ఊతమివ్వడానికి డోబుటమిన్ ఎక్కిస్తూ గంటగంటకీ డోసు పెంచారు. తెల్లవారుజామున మూడింటికి మళ్లీ పిలిచి "ఎక్మో పెట్టాలి" అన్నారు. గుండె, ఊపిరితిత్తుల పని ఒంటి బయట ఉండి చేసే మెషీన్ అది. అమ్మ అక్కడే గోడకానుకుని కూలబడింది. మన ఇళ్లలో చాలామంది ఆ మాట మొదటిసారి విన్నది 2020లో, బాలుగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడే కదా. "బాలుగారికి పెట్టిందేనా?" అంది. డాక్టరు విసుక్కోలేదు. "ఆయనకి కోవిడ్‌తో ఊపిరితిత్తులు పాడయ్యాయమ్మా. మీ అమ్మాయికి గుండె. మెషీన్ పేరు ఒకటే, పైపులు వేసే తీరు వేరు" అన్నాడు.

కేస్ షీట్ వెనక బొమ్మ గీశాడు. గజ్జల్లోని సిరలోంచి ఒక లావు పైపు గుండె కుడి గది దాకా పోతుంది. అక్కణ్నించి నల్లరక్తాన్ని పంపు బయటికి లాగి, రక్తానికి ఆక్సిజన్ పట్టించే ఆక్సిజనేటర్‌లోంచి పంపిస్తుంది. ఎర్రబడ్డ రక్తం గజ్జల్లోని ధమని ద్వారా తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. నిమిషానికి నాలుగు లీటర్ల దాకా.

"ఇది పెడితే తగ్గుతదా సార్?"

"ఇది తగ్గించదు. టైమ్ ఇస్తుంది."

"దేనికోసం టైమ్?"

నోటికొచ్చింది అడిగాను గానీ, ఆ రాత్రి నేనడిగిన వాటిలో పనికొచ్చిన ప్రశ్న ఇదొక్కటే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాపు దిగి గుండె తనంతట తాను కోలుకోవచ్చు, ఈ వయసులో ఈ జబ్బుకి ఆ ఆశ బాగానే ఉంది, వారం పది రోజుల్లో తెలుస్తుంది. కోలుకోకపోతే ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాసి గుండె మార్పిడికి చూడాలి. రెండూ కుదరకపోతే ఆపేయాలి. "మూడోది కూడా ఇప్పుడే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనొద్దు" అన్నాడు. ఆ మాటకే ఆయన మీద గురి కుదిరింది. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రో రైల్లో గుండె తీసుకెళ్లారని పేపర్లో చదివి ఆహా అనుకున్నాను. అలాంటి పెట్టె కోసం మేం ఎదురుచూడాల్సి రావచ్చు అని అప్పుడనుకున్నానా!

బావ సంతకం పెట్టాడు. డిపాజిట్ ఐదు లక్షలు, అందులో సగం నా షాపు కరెంట్ అకౌంట్‌ది.

పొద్దున వెయిటింగ్ హాల్లో బావ ఫోన్ పట్టుకుని తెల్లబోయి కూర్చున్నాడు. హార్ట్ ఎటాక్‌తో షాక్‌లోకి వెళ్లిన 420 మంది మీద చేసిన అధ్యయనమట, 2023లో వచ్చింది. ముందే ఎక్మో పెట్టినా నెల రోజుల్లో చనిపోయినవాళ్ల శాతంలో తేడా లేదు, పైగా రక్తస్రావాలు, కాలికి రక్తం అందని ఇబ్బందులు ఎక్కువ. రౌండ్స్‌లో డాక్టర్ని అడిగేశాడు. "నిజమే. వాళ్లది ఎటాక్, కండరం కొంత చచ్చిపోయి ఉంటుంది. ఇక్కడ వాచింది. వాచింది దిగొచ్చు. ఇబ్బందులు మాత్రం ఇక్కడా అవే" అన్నాడు.

ఐసీయూలోకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పది పది నిమిషాలు. మొదటిసారి వెళ్లినప్పుడు మానిటర్ మీద బీపీ ఎర్ర గీత సాఫుగా పోతోంది, ఎగుడుదిగుడు లేదు. చెల్లెలి మణికట్టు పట్టుకున్నాను. నాడి దొరకలేదు. చెయ్యేమో వెచ్చగా ఉంది. నిన్న చల్లగా ఉన్న చెయ్యే అది. నా మొహం చూసి సిస్టర్ చెప్పింది, గుండె తోయడం లేదు కాబట్టి అలలు ఉండవు, పంపు ఒకే ధారగా తోస్తుంది, సగటు బీపీ 65 ఉంటే చాలని. మోటార్ పంపుకీ చేతి పంపుకీ ఉండే తేడా. బుర్రకి ఎక్కింది. వేళ్లకి ఎక్కలేదు, ప్రతి విజిట్‌లో మణికట్టు వెతుకుతూనే ఉన్నాను.

రక్తం శాంపిల్ ప్రతిసారీ కుడి చేతి నుంచే తీసేవాళ్లు. గుండె కోలుకోవడం మొదలయ్యాక అది తోసే రక్తం ముందు చేరేది కుడిచేతికీ తలకీ అట. ఊపిరితిత్తులు బాగా లేకపోతే ఆక్సిజన్ తక్కువున్న రక్తం మెదడుకి వెళ్తుంది. కాళ్ల దగ్గర చూస్తే అది తెలియదు. కాలి సంగతి ఇంకోటి. ధమనిలో అంత లావు పైపు ఉంటే పాదానికి దారి మూసుకుపోతుంది, అందుకని కిందికి విడిగా ఇంకో సన్న గొట్టం వేశారు. రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ గంటకోసారి పెట్టి "షుక్ షుక్" శబ్దం వినేవాళ్లు.

రెండో రోజు గుండె లోపల రక్తం నిలిచి ఉబ్బుతోందన్నారు. పంపు ధమనిలోకి తోసేది గుండెకి ఎదురు బరువు కదా. బరువు తగ్గించడానికి బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో, బెలూన్ కూడా వేశారు. గుండె కొట్టుకునే ముందు ముడుచుకుని, తర్వాత ఉబ్బుతుంది. అందులో నింపేది హీలియం.

మూడో రోజు సాయంత్రం పైపు వణుకుతూ కనపడింది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఆగి ఆగి పోసేటప్పుడు డెలివరీ పైపు కొట్టుకుంటుందే, అచ్చం అలా. మెషీన్ నడిపే పెర్ఫ్యూషనిస్టు చిన్న కుర్రాడు.

"తమ్మీ, లాగడానికి లోపల సరుకు తక్కువైనట్టుంది" అన్నాను.

తల తిప్పి చూశాడు. "ఏం చేస్తరన్నా మీరు?"

"మోటార్ వైండింగ్."

నవ్వి స్పీడు కొంచెం తగ్గించాడు, పైపు నిమ్మళించింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల గజ్జల దగ్గర ఊరుతోందట, రక్తం ఎక్కించారు. షాపు కుర్రాళ్లు నలుగురు బస్సెక్కి వచ్చి డొనేట్ చేశారు. మెషీన్‌కి పక్కన తగిలించిన హ్యాండిల్ చూపించి అడిగాను. కరెంటు, బ్యాటరీ, మోటారు అన్నీ పోతే చేత్తో తిప్పడానికట. ఆ రాత్రి కొంచెం నిద్రపోయాను.

ఐదో రోజు ఎర్ర గీత మీద చిన్న గుబ్బ. మళ్లీ ఒకటి. సిస్టర్‌ని పిలిస్తే "పొద్దున్నుంచే వస్తున్నాయి" అంది మామూలుగా.

తర్వాత రోజూ ఎకో పెట్టి చూస్తూ పంపు ధార తగ్గించుకుంటూ వచ్చారు. నాలుగు లీటర్ల నుంచి మూడు, రెండు, ఒకటిన్నర. గుండె 35 శాతం తోస్తోంది, బీపీ నిలబడింది. ఏడో రోజు ఆపరేషన్ థియేటర్లో పైపులు తీశారు. బెలూన్ మర్నాడు, వెంటిలేటర్ ఆ మర్నాడు. మెలకువ వచ్చాక రెండు రోజులు ఐసీయూని స్కూలనుకుని సిస్టర్లని వరసలో నిలబడమంది. ఇది మామూలేనట, మేమే అనవసరంగా హడలిపోయాం.

బిల్లు 19 లక్షలు. బావ కంపెనీ ఇన్సూరెన్స్ ఐదుకే ఆగింది. కీసర దగ్గరి ప్లాటు పోయింది. సీఎం సహాయ నిధికి పెట్టుకున్నాం, కాబట్టి ఒరిజినల్ బిల్లు ఒక్కటి కూడా పారేయకండి.

మూడు నెలల ఎకోలో 52 శాతం. మాత్రలు నడుస్తున్నాయి. సంక్రాంతి సెలవుల తర్వాత స్కూలుకి పోతోంది. కుడికాలి బొటనవేలికి ఇంకా స్పర్శ సరిగా లేదు, చెప్పు జారిపోయినా తెలియదు. అందుకని వెనక పట్టీ ఉన్నవే కొంటోంది.