నవంబరులో వెనిస్ వెళ్లే జంటలకు: గొడుగు కంటే ముందు పోటు లెక్క

శ్రీకాకుళం నుంచి నవంబరులో వెనిస్ వెళ్లాలనుకునే జంటలు మొదట అడిగేది వాన గురించి. ఆ నెలలో అక్కడ వానలు గట్టిగానే పడతాయి. కానీ వానకి వెనిస్ మునగదు. ఎంత ముసురు పట్టినా ఆ నీళ్లు కాలువల్లోకి జారిపోతాయి. వీధుల్లోకి నీరు ఎక్కేది సముద్రపు పోటుతో. ఎండ కాస్తున్న పూట సాన్ మార్కో స్క్వేర్‌లో చీలమండ దాటి నీళ్లుండొచ్చు. రోజంతా కుండపోతగా కురిసినా అదే స్క్వేర్‌లో రాళ్లు తడిసి ఊరుకోవచ్చు. అందుకే ఏ రోజు ఏది చూడాలో పోటు చూసి నిర్ణయించుకోండి.

భావనపాడు, కళింగపట్నం, బారువ వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. వెనిస్‌లోనూ అంతే. తేదీలు ఇంకా ఖాయం కాకపోతే గోడ మీది క్యాలెండరు తీసి, అష్టమి మధ్యలో పడేలా నాలుగైదు రోజులు ఎంచుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనే వెళ్లాల్సి వస్తే, అప్పుడు పోటు ఎక్కువగా పొద్దున్న పది, పదకొండు ప్రాంతంలో ఒకసారి, రాత్రి దాదాపు అదే వేళకి ఇంకోసారి వస్తుంది.

అయితే క్యాలెండరు ఒక్కటే చాలదు. ఏడ్రియాటిక్ సముద్రం సన్నగా, పొడుగ్గా ఉండి ఉత్తరపు కొసన మూసుకుపోతుంది. వెనిస్ ఆ మూలనే ఉంది. ఆగ్నేయం నుంచి సిరోకో గాలి వీస్తే నీళ్లన్నీ ఆ మూలకే తోసుకొస్తాయి. దానికి అల్పపీడనం తోడైతే, ఒక్కో మిల్లీబారు తగ్గినప్పుడల్లా నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మన తీరంలో తుఫానుకి ఉప్పెన వచ్చేదీ ఈ తీరుగానే. 2019లో కార్తీక పౌర్ణమి నవంబరు 12న పడింది. ఆ రాత్రి వెనిస్‌లో నీరు 187 సెంటీమీటర్లకి లేచింది. అంతకన్నా పెద్దది 1966 నవంబరు 4 నాటి 194 సెంటీమీటర్లు. అప్పుడు చంద్రుడు సగమే ఉన్నాడు, ఆ నీళ్లను తెచ్చింది గాలి. గాలి ఆగాక కూడా సముద్రం ఊగుతూనే ఉంటుంది. ఒక ఊపుకి దాదాపు 22 గంటలు పడుతుంది కాబట్టి మర్నాడు వాతావరణం తేటపడినా పోటు మళ్లీ లేవొచ్చు.

అక్కడి నగరపాలక సంస్థ పోటు అంచనాలను వేళలతో సహా రోజూ ప్రకటిస్తుంది. చెంత్రో మారే (Centro Maree) అని వెతికితే దొరుకుతుంది, ఫోన్‌లో హై టైడ్ వెనిస్ (hi!tide Venice) అనే యాప్ కూడా ఉంది. ఆ అంకెలు చదవడంలోనే చాలామంది కంగారు పడతారు. 100 అని కనిపిస్తే వీధిలో మీటరు లోతు నీళ్లని కాదు. అది 1897లో పెట్టుకున్న సున్నా నుంచి కొలత, ఇప్పటి సగటు సముద్రమట్టమే దానికి 30 సెంటీమీటర్ల పైన ఉంది. సాన్ మార్కో నగరంలోకెల్లా పల్లపు చోటు, అక్కడ 80 దాటగానే నీరు మొదలవుతుంది. 105 అంటే అక్కడ పాతిక సెంటీమీటర్ల దాకా. 110 అయినా నగరంలో మునిగేది సుమారు 12 శాతమే.

ఇప్పుడు పోటుని ఆపడానికి ‘మోసే’ (MOSE) అనే అడ్డుకట్ట ఉంది కదా అంటారు. వెనిస్ చుట్టూ ఉన్న ఉప్పుకయ్యలోకి సముద్రం వచ్చే మూడు ముఖద్వారాల దగ్గర అడుగున పడుకోబెట్టిన 78 ఉక్కు తలుపులు అవి. లోపలి నీటిని గాలితో వెళ్లగొడితే పైకి లేస్తాయి. 2020 అక్టోబరు 3న మొదటిసారి పోటుని ఆపాయి. కానీ ఓడల రాకపోకలు ఆగిపోతాయి కాబట్టి చిన్న పోట్లకి వాటిని లేపరు. అంచనా సుమారు 110కి చేరితేనే లేపుతారు. అంటే 80కీ 110కీ మధ్య ఉన్న పోటుకి సాన్ మార్కో తడుస్తూనే ఉంటుంది. అక్కడి చర్చికి మాత్రం 2022లో చుట్టూ అద్దాల అడ్డుగోడ కట్టారు. అంచనా తప్పే రోజులూ ఉంటాయి: 2020 డిసెంబరు 8న గాలి అనుకున్నదానికన్నా బలంగా వీచింది, తలుపులు లేపలేదు, నీరు 138కి చేరింది.

నీళ్లు వచ్చినా భయపడక్కర్లేదు. పోటు తారస్థాయికి చేరిన రెండు మూడు గంటల్లో నీరు తీసేస్తుంది. పదిన్నరకి పోటు ఉంటే సాన్ మార్కో మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతకి పెట్టుకోండి. నవంబరు చివర సూర్యాస్తమయం నాలుగున్నరకే, అది గుర్తుంచుకోండి. పొద్దుటి పూట సాన్ తోమా రేవులో దిగి సాన్ రొక్కో మందిరానికి వెళ్లండి. తింతొరెత్తో 1564 నుంచి ఇరవై ఏళ్లకి పైగా గీసిన చిత్రాలు గోడల నిండా, పైకప్పు నిండా ఉన్నాయి. మెడ నొప్పి పుట్టకుండా పైకప్పు చూడ్డానికి అద్దాలు ఇస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి. పక్కనే ఫ్రారీ చర్చిలో తిత్సియానో 1518లో పూర్తిచేసిన మేరీమాత చిత్రం ఉంది. వాన పూట ఈ రెండిటికీ సాటి వచ్చేది ఆ నగరంలో లేదని మా గట్టి అభిప్రాయం.

ముఖ్య దారుల్లో నీటి మీద చెక్క బల్లలు వేస్తారు. కుడివైపుగా, ఒకరి వెనక ఒకరు నడవాలి. ఫోటో కోసం ఆగితే వెనకున్న వరసంతా ఆగిపోతుంది. నీరు 120 దాటితే ఆ బల్లలే తేలిపోతాయి కాబట్టి వాడనివ్వరు. ఇద్దరూ ఒకే పెద్ద గొడుగు కింద నడవడం ఇక్కడ కుదరదు. కొన్ని సందులు మీటరు కూడా ఉండవు, అన్నిటికన్నా ఇరుకైనది 53 సెంటీమీటర్లు. టోపీ ఉన్న రెయిన్‌కోట్లు చెరొకటి తీసుకెళ్లండి. వీధుల్లో అమ్మే ప్లాస్టిక్ బూటు తొడుగులు ఒక పూటకి పనికొస్తాయి గానీ అడుగు జారుతుంది, మెట్ల అంచుకి తగిలితే చిరుగుతాయి. పొందూరు ఖద్దరు మనకి ఎంత ఇష్టమైనా ఆ చలికి పనికిరాదు: నూలు తడిస్తే త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని గానీ, త్వరగా ఆరే సింథటిక్ గానీ వేసుకోండి. నగరంలో 400కి పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే. బస రేవు నుంచి వంతెన ఎక్కకుండా వెళ్లేచోట చూసుకోండి, లేకపోతే తడి మెట్ల మీద పెట్టెలు మోయాలి.

కార్తీకంలో నీచు ముట్టని వాళ్లు తిండి దగ్గర జాగ్రత్త. బిగొలి ఇన్ సాల్సా చూడ్డానికి ఉల్లిపాయల పాస్తాలా ఉంటుంది, అందులో చేపలు కరిగి ఉంటాయి. వేయించిన మొత్సరెల్లా రొట్టెలో కూడా ఇక్కడ ఆంకోవీ చేప పెడతారు. రిసోత్తో ఉడికించేది తరచూ మాంసం రసంలోనో చేపల రసంలోనో, కాబట్టి అడిగి తినండి.

బయల్దేరేటప్పుడు ఆమదాలవలస నుంచి విశాఖకి ఒకరోజు ముందే చేరుకోండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు రైళ్లు ఎలా నిలిచిపోయాయో జిల్లా అంతటికీ తెలుసు. షెంగెన్ వీసాకి పెద్దవాళ్లకి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్రయాణానికి 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది.

వపొరెత్తో పడవ టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు, మూడు రోజులకి 45. మూడు రోజులుంటే రెండోదే లాభం. పోటు బాగా ఎక్కువైనప్పుడు కొన్ని పడవలు వంతెనల కింద దూరలేక దారి మారుస్తాయి, రేవులో బోర్డు చూసి ఎక్కండి. గొండోలా అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 35 నిమిషాలకి 110. ఆ ధర మనిషికి కాదు, పడవ మొత్తానికి. దానికి పైకప్పు ఉండదు కాబట్టి ముందుగా డబ్బు కట్టేయకుండా, వాన తెరిపి ఇచ్చి పోటు తక్కువున్న పూట రేవుకి వెళ్లి మాట్లాడుకోండి. అలాంటి పూట దొరక్కపోతే పెద్ద కాలువని అడ్డంగా దాటించే త్రగెత్తో ఉంది, అదీ గొండోలా తరహా పడవే, మనిషికి 2 యూరోలు.