ఏది ముందు ఆగిపోతుంది? సర్వైవల్ గేములు, మన తుపాన్లు

ప్రాజెక్ట్ జోంబాయిడ్ అనేది సర్వైవల్ గేము, అంటే తిండి, నీళ్లు చూసుకుంటూ ప్రాణాలు నిలుపుకునే ఆట. అది బాగా అలవాటైనవాళ్లు కొత్త ఆట మొదలుపెట్టగానే జోంబీల (నడిచే శవాల) వెంట పడరు. ఇంట్లో ఉన్న గిన్నెలు, సీసాలు, బకెట్లు అన్నీ కుళాయి కింద పెట్టి నింపుకుంటారు. ఆ ఆటలో కరెంటు, నీళ్లు కొన్నాళ్లకు ఆగిపోతాయి, ఏ రోజు ఆగుతాయో మాత్రం చెప్పదు. విపత్తులకు సిద్ధపడటంలో గేములు పనికొస్తాయా అని అడిగితే, ఈ ఒక్క విషయంలో బాగా పనికొస్తాయంటాను. ఏది పోతే దాని వెనక ఏది పోతుందో ముందే లెక్కేసుకునే బుద్ధి వస్తుంది. మిగతా చాలా విషయాల్లో అవి చెప్పేవి అబద్ధాలే, అందులో కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి.

మన కోస్తాలో ఆ వరుస దాదాపు ఇలా నడుస్తుంది. తుపాను తీరం దాటకముందే జాగ్రత్త కోసం లైన్లు ఆపేస్తారు, లేదా గాలికి స్తంభాలు పడతాయి. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, ఇక ఓవర్‌హెడ్ ట్యాంకులో ఎన్నుంటే అన్నే నీళ్లు. సెల్ టవర్లు బ్యాటరీ మీద కొన్ని గంటలు, డీజిల్ అందితే ఇంకొంతసేపు నిలబడతాయి. టవర్ పోయిందంటే యూపీఐ పోయినట్టే, ఏటీఎం కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేనాటికి యూపీఐ లేదు, జనం చేతుల్లో ఎంతో కొంత నగదు ఆడేది. ఇప్పుడు నోటు ముట్టుకోకుండానే నెల గడిచిపోతోంది. అందుకని వంద, యాభై, ఇరవై నోట్లుగా రెండు మూడు వేలు ఇంట్లో ఉంచండి. అలాంటి రోజున 500 నోటుకు చిల్లర ఎవరూ ఇవ్వరు.

నీళ్ల లెక్క చూద్దాం. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు వేసుకుంటే నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. వాడుక నీళ్లు వేరు. ఫ్లష్ ఒకసారి నొక్కితే 6 నుంచి 10 లీటర్లు పోతాయి, అదే బకెట్‌తో పోస్తే సగంతో పని అయిపోతుంది. ఇక్కడ జరిగే పెద్ద తప్పు సంప్ దగ్గర. వరద నీళ్లు సంప్‌లోకి దిగాక కరెంటు వచ్చిందని మోటారు వేస్తే, అప్పటిదాకా బాగున్న పై ట్యాంకు కూడా చెడిపోతుంది. ముందు సంప్ తోడి, కడిగి, బ్లీచింగ్ వేశాకే మోటారు జోలికి వెళ్లాలి. జోంబాయిడ్‌లో వాన నీళ్లు కాచకుండా తాగితే జబ్బు చేస్తుంది. ఆ నియమం మనకూ వర్తిస్తుంది: మట్టి నీళ్లయితే గుడ్డలో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరగనివ్వాలి. గ్యాస్ లేకపోతే క్లోరిన్ బిళ్లలు. ఎన్ని లీటర్లకు ఒకటో స్ట్రిప్ మీదే ఉంటుంది, వేశాక అరగంట ఆగాలి.

తిండి దగ్గర గేమర్లకు ఒక జబ్బుంది: కనిపించిందల్లా లూట్ చేసి దాచడం. ద లాంగ్ డార్క్ అనే ఇంకో సర్వైవల్ గేము ఆ జబ్బును కొంత కుదురుస్తుంది. అందులో తిండి పాడైపోతుంది. ఓపెనర్ లేకుండా డబ్బాను బాది తెరిస్తే కొంత నేలపాలవుతుంది. మన ఇళ్లలో ఆ ఓపెనర్ స్థానంలో ఇండక్షన్ స్టవ్ ఉంది, కరెంటు పోతే అది ఉత్త పళ్లెం. బియ్యం బస్తా ఉందన్న ధీమా కూడా అలాంటిదే. అన్నం వండటానికి నీళ్లు కావాలి, గిన్నెలు తోమడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. మూడు రోజుల కోసమైతే అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం, ఖర్జూరం, పిల్లలుంటే పాలపొడి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే కింది అరల్లోవి నాలుగు గంటలు ఆగుతాయి. నిండా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు. తుపాను హెచ్చరిక రాగానే నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో పెట్టేది ఇందుకే. మూత దాకా నింపకండి, గడ్డకట్టి పగులుతాయి.

కరెంటు విషయంలో మాత్రం గేమర్లు మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు పైన ఉండాలి. వాట్ల లెక్క వాళ్లకు రోజూ ఉండేదే. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీని పూర్తిగా పీల్చకుండా మిగిల్చేది తీసేస్తే చేతికొచ్చేది 1,100 చిల్లర. రెండు పాత ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ బల్బులు, రౌటర్ కలిపి 190 వాట్లు లాగితే ఆరు గంటలు వస్తుంది. ఆ ఫ్యాన్లు తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ రకం అయితే మొత్తం వంద దాటదు, పదకొండు గంటలు. అది కూడా బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటేనే. డిస్టిల్డ్ వాటర్ పోసి ఏడాదైన బ్యాటరీ మీద ఈ లెక్కలు వేయడం దండగ.

పవర్ బ్యాంకు డబ్బా మీది 10,000 ఎంఏహెచ్ అంకె లోపలి సెల్ వోల్టేజీకి సంబంధించింది. 5 వోల్టులకు మార్చాక దక్కేది అందులో అరవై శాతం చిల్లర, అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కు ఒక నిండు చార్జి, పైన కొంచెం. ఇంట్లో అంతకన్నా పెద్ద పవర్ బ్యాంకు ఒకటి ఉందని చాలామంది మర్చిపోతారు: గేమింగ్ ల్యాప్‌టాప్. దాని బ్యాటరీ 80, 90 వాట్ అవర్లు ఉంటుంది. షట్‌డౌన్‌లో ఉన్నా ఫోన్‌కు చార్జింగ్ ఇచ్చే యూఎస్‌బీ పోర్టు చాలా మోడళ్లలో ఉంది, పక్కన చిన్న బ్యాటరీ గుర్తో మెరుపు గుర్తో ఉంటుంది. అయితే బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూలో, దాన్ని ఆన్ చేయాలి. కొన్నిట్లో అడాప్టర్ లేకుండా ఇవ్వడానికి ఇంకో టిక్ ఉంటుంది. అది వేయలేదంటే సరిగ్గా కరెంటు పోయిన రోజే ఆ పోర్టు పనిచేయదు. ఎండగా ఉన్న రోజే అడాప్టర్ పీకి పరీక్షించుకోండి. అన్నీ సరిగా ఉంటే ఫోన్ మూడుసార్లు నిండుతుంది. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, టవర్ కోసం వెతుక్కుంటూనే సగం చార్జి తినేస్తుంది. సిగ్నల్ కొద్దిగా ఉండి కాల్ కలవని చోట కూడా ఎస్ఎంఎస్ వెళ్లొచ్చు.

జనరేటర్ గురించి కూడా జోంబాయిడ్ నిజమే చెబుతుంది: ఇంట్లో పెట్టి నడిపితే పొగకి మనిషి చనిపోతాడు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వరండా, మెట్ల కింద, తలుపు తీసి ఉంచిన గ్యారేజీ, ఇవేవీ బయట కిందికి రావు. గోడకు ఆరేడు మీటర్ల దూరాన, పొగ గొట్టం కిటికీ వైపు లేకుండా పెట్టాలి.

ఇక అబద్ధాల సంగతి. అన్నిటికన్నా చెడ్డది వరద నీళ్లు. ఓపెన్ వరల్డ్ గేముల్లో నడుం లోతు నీళ్లంటే కొంచెం నెమ్మదిగా నడవడం, అంతే. నిజంగా అయితే పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాలు నిలవదు, 30 ఉంటే చిన్న కారు తేలుతుంది, 60 ఉంటే దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. తెరిచిన మ్యాన్‌హోలు, తెగిన తీగ పైకి కనపడవు. రెండోది తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం. గేములో ఒక వేవ్ (శత్రువుల దాడి విడత) అయిపోతే సంగీతం మారుతుంది, ప్రమాదం తప్పినట్టే. ఇక్కడ గాలి హఠాత్తుగా ఆగిపోయి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో బండికేమైందో చూద్దామని బయటికొచ్చేవాళ్లే దెబ్బతింటారు. రేడియోలో చెప్పేదాకా కదలకూడదు.

జపాన్ వాళ్ల డిజాస్టర్ రిపోర్ట్ ఈ విషయంలో మర్యాదైన ఆట. 2002లో ఐరెమ్ కంపెనీ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) మీద తెచ్చింది. నేల కదిలితే బటన్ నొక్కి ఒదిగి కూర్చోవాలి, పరిగెడితే పడతారు. నాలుగో భాగాన్ని 2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత రద్దు చేశారు. 2018లో గ్రాంజెల్లా అనే కంపెనీ దాన్ని బయటికి తెచ్చింది.

ఒంటరి హీరో కథ కూడా నాకు నచ్చదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కింది అంతస్తులో సరుకులు పెట్టుకున్నవాళ్లకు పైనున్నవాళ్లే దిక్కయ్యారు. డ్రోన్లతో పొట్లాలు దించాల్సి వచ్చింది. మూడు రోజుల లెక్క అక్కడ చాలలేదు. కాబట్టి సరుకులు అటక మీదో, పైవాళ్ల ఇంట్లోనో. డయాలసిస్ మనిషో, బాలింతో మీ బిల్డింగులో ఎవరున్నారో ముందే తెలిసుండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఇందాకటి ఐసు సీసాలు వాళ్లకే, గుడ్డ చుట్టి ఇవ్వాలి, గడ్డకడితే మందు పనికిరాదు.

చివరిగా మీ పీసీ. హెచ్చరిక రాగానే క్యాబినెట్ నేల మీంచి తీసి మంచమో బల్లో ఎక్కించండి, ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. టైముంటే మీ డేటా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డుకు బిగించే చిన్న పలక) తీసి జిప్‌లాక్‌లో వేసుకోండి, ఒక్క స్క్రూ పని. కరెంటు తిరిగొచ్చినప్పుడు వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది, బల్బు నిలకడగా వెలిగేదాకా పావుగంట ఆగండి. క్యాబినెట్‌లోకి నీళ్లు వెళ్తే పవర్ సప్లై మీద ఆశ వదులుకోండి, తెరవకండి కూడా, లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డు నాణెం సెల్ తీసి, మంచినీళ్లతో బురద కడిగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద వారం ఆరబెట్టి, కొత్త పవర్ సప్లైతోనే మొదటిసారి ఆన్ చేయాలి. నీళ్లలో నానిన హార్డ్ డిస్కును మాత్రం ఆన్ చేసి చూడకండి, డేటా కావాలంటే రికవరీ వాళ్లకే ఇవ్వండి.