గుండె మీద ఫోను

రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాక గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. అప్పటికి నా పల్స్ నిమిషానికి 34. ఈసీజీ చూసి డాక్టరుగారు కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. గుండె పై గదుల్లో పుట్టే కరెంటు కింది గదులకు అందడం లేదట.

ఐసీయూలో ముందు తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టారు. మెడ దగ్గర నుంచి ఒక తీగ గుండెలోకి వెళ్ళింది, దాని రెండో చివర మంచం పక్కనున్న పెట్టెకు. మా అమ్మాయి ఫోను తీసుకొచ్చి సరిగ్గా ఆ పెట్టె పక్కనే పెట్టింది. నర్సు గబగబా వచ్చి తీసేసింది. "ఆ తీగ ఏరియల్‌లా పని చేయొచ్చమ్మా. ఫోను సిగ్నల్‌ని పెట్టె గుండె కొట్టుకోవడమే అనుకుంటే, తను గుండెకు ఇవ్వాల్సిన కరెంటు ఆపేస్తుంది" అంది. నా గుండె అప్పుడు ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంది. ఆ రాత్రంతా దాని మీద మిణుకుమిణుకుమనే లైటు చూస్తూ పడుకున్నాను.

మూడో రోజు ఎడమ భుజం కిందుగా, చర్మం లోపల శాశ్వత పేస్‌మేకర్ అమర్చారు. నొప్పి వారంలో తగ్గింది.

ఇంటికొచ్చిన నెలన్నరకు, ఒక మధ్యాహ్నం కొత్త ఫోను ఛాతీ మీద పెట్టుకుని కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి గుండె గడియారంలా ఒకే వేగంతో కొట్టుకుంటోంది. వేలు పెట్టి లెక్కపెడితే 85. పడుకున్నప్పుడు నాకు 65 దాటదు. చాలా టెన్షన్ పడ్డాను. ఫోను పక్కన పెట్టిన కాసేపటికే మామూలైంది.

చెకప్‌లో టెక్నీషియన్ ఉంగరంలాంటి అయస్కాంతం తెచ్చి నా ఛాతీ మీద ఆనించాడు. మళ్ళీ అదే 85! పేస్‌మేకర్లలో ఇది కావాలనే పెట్టిన ఏర్పాటట: అయస్కాంతం తగిలితే గుండె ఏం చేస్తోందో పట్టించుకోకుండా ఒకే రేటుతో కొడుతుంది, తీసేస్తే మామూలుకొస్తుంది. 2020 నుంచి కొన్ని ఫోన్ల వెనక ఛార్జింగ్ కోసం అయస్కాంతాల వలయం వస్తోంది. నాదీ అలాంటిదే. ఫోను కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే చెప్పింది. మాట్లాడేటప్పుడు కుడి చెవి దగ్గర పెట్టుకుంటే చాలన్నాడు. ఈ ముక్క డిశ్చార్జ్ రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

"మీకు పెద్ద ప్రమాదం లేదు సార్. ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే యంత్రం, ఉన్నవాళ్ళకే భయం. అయస్కాంతం దగ్గరుంటే అది ప్రాణం కాపాడే షాక్ ఇవ్వదు" అన్నాడు.

బయట బెంచీ మీద నా తర్వాతి నంబరాయన కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఉన్నది ఐసీడీ అని పొద్దున మాటల్లో చెప్పాడు. ఎడమ జేబులో ఫోను కనబడుతోంది. పక్కన కూర్చుని, "అన్నా, ముందు ఆ ఫోను ఇలా ఇవ్వండి, చెబుతాను" అన్నాను.