చైల్డ్ ప్రాసెస్‌కు అంటుకొచ్చే డిస్క్రిప్టర్లను మూయడం: నా అనుభవం

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు, కాంటా అయిన ప్రతి లాట్‌కూ రైతు చేతికి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రావాలి. ఆ పట్టీని పీడీఎఫ్ చేసి ప్రింటర్‌కు పంపే సర్వర్ ప్రోగ్రామ్ సీ భాషలో ఉంది. పట్టీకొక చైల్డ్ ప్రాసెస్ (సర్వర్ తనలోంచి పుట్టించే విడి ప్రాసెస్) పుడుతుంది, పని ముగించి పోతుంది. పాత మెషీన్‌లో ఇది ఎప్పుడు జరిగిందో కూడా తెలిసేది కాదు. అదే ప్రోగ్రామ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా కొత్త మెషీన్‌లో డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా నడిపే పెట్టె) పెట్టగానే ఒక్కో పట్టీకి నిమిషంన్నర దాటింది. "సార్, కాంటా అయింది గానీ పట్టీ వస్తలేదు" అని అడ్తి గుమస్తా ఫోన్ మీద ఫోన్. విడిగా నడిపి చూస్తే పీడీఎఫ్ తయారీకి అర సెకను కూడా పట్టడం లేదు. తప్పు ఎక్కడ దొరికింది, లాంచ్ కోడ్‌ను ఎలా తిరగరాశాం అన్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇదే గుంట ఇంకా చాలా ప్రోగ్రాముల్లో ఉంది.

మొదట ఎస్‌ట్రేస్ (లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌ను ప్రోగ్రామ్ అడిగే ప్రతి పనినీ, అంటే సిస్టమ్ కాల్‌నూ, చూపే సాధనం) పెట్టాను, చైల్డ్‌లను కూడా వెంబడించే ఎఫ్ ఆప్షన్‌తో. స్క్రీన్ మీద ఒకటే వరస: క్లోజ్ 48211, ఈబ్యాడ్ఎఫ్. క్లోజ్ 48212, ఈబ్యాడ్ఎఫ్. క్లోజ్ 48213, ఈబ్యాడ్ఎఫ్. ఈబ్యాడ్ఎఫ్ అంటే ఆ నంబర్‌తో తెరిచినదేదీ లేదన్న ఎర్రర్. అంతకు ముందు ఫోర్క్ (చైల్డ్‌ను పుట్టించే కాల్) కనిపించింది, ఎగ్జెక్ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను ఎక్కించే కాల్) మాత్రం ఎంతకీ రాలేదు. అసలు తెరవని డిస్క్రిప్టర్లను (తెరిచిన ఫైల్ లాంటివాటికి కెర్నెల్ ఇచ్చే నంబర్లు) చైల్డ్ ఒక్కొక్కటిగా మూస్తూ కూర్చుంది. ఎస్‌ట్రేస్ తగిలిస్తే పని ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి పది సెకన్లు చూసి ఆపేయాలి, కారణం పట్టుకోవడానికి అంత చాలు.

లాంచ్ కోడ్ పాత పద్ధతిలో ఉంది: ఫోర్క్ అయ్యాక సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ను అడిగి ఓపెన్ ఫైళ్ల లిమిట్ తెలుసుకోవడం, 3 నుంచి (0, 1, 2 స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లవి) ఆ లిమిట్ దాకా లూప్ వేసి అన్నింటినీ మూయడం. లిమిట్ 1024 ఉన్నన్నాళ్లూ దీని ఖర్చు లెక్కలోకి రాదు. కంటైనర్ లోపల ప్రాక్ (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలను కెర్నెల్ చూపే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ లిమిట్స్ ఫైల్ తెరిస్తే, ఓపెన్ ఫైళ్ల వరసలో 1073741816 అని ఉంది. అంటే రెండు ముప్పయ్యో ఘాతంలోంచి 8 తీసేసినంత. లినక్స్‌ను బూట్‌లో లేపి సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 240వ వెర్షన్, 2018 డిసెంబర్‌లో వచ్చింది, కెర్నెల్ ఒప్పుకునే గరిష్ఠ లిమిట్‌ను బూట్ సమయంలోనే ఇక్కడిదాకా పెంచేసింది. డాకర్ సర్వీస్ ఫైల్‌లో లిమిట్ ఇన్ఫినిటీ అని ఉంటే కంటైనర్‌కు ఇదే అంకె దిగుతుంది. ఒక్కో క్లోజ్‌కు 100 నానోసెకన్లు వేసుకున్నా నూటకోటికి పైగా కాల్స్‌కు 107 సెకన్లు. మాకు పోతున్న టైమ్ కచ్చితంగా అదే.

ఆ సాయంత్రానికి కంటైనర్‌ను యూలిమిట్ (ఓపెన్ ఫైళ్ల లిమిట్ సెట్టింగ్) 1024తో మళ్లీ లేపి మార్కెట్ పని నడిపించాం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది నాకు ఒప్పుదల లేదు. ఒక కారణం తెలిసిందే: రేపు ఎక్కువ కనెక్షన్లు కావాల్సి లిమిట్ పెంచితే జబ్బు తిరగబెడుతుంది. రెండోది అంత సులువుగా కనిపించదు. లిమిట్ తగ్గించినంత మాత్రాన, అంతకు ముందే పై అంకెల్లో తెరిచి ఉన్న డిస్క్రిప్టర్లు మూసుకుపోవు. 5000వ నంబర్‌లో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ కొస) తెరిచాక ప్రోగ్రామ్ లిమిట్‌ను 1024కు దించుకుంటే, లూప్ 1023 దగ్గర ఆగుతుంది, సాకెట్ చైల్డ్‌లోకి పోతుంది. అంటే ఈ లూప్ నెమ్మదైనదే కాదు, తప్పు కూడా.

అసలు మూయకుండా వదిలేస్తే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. ఫోర్క్‌తో డిస్క్రిప్టర్ల పట్టిక మొత్తం చైల్డ్‌కు నకలవుతుంది, క్లోజ్ ఆన్ ఎగ్జెక్ గుర్తు (ఎగ్జెక్ జరగగానే మూసేయమని చెప్పేది) లేనివన్నీ ఎగ్జెక్ దాటి కొత్త ప్రోగ్రామ్‌లోకి కూడా వెళ్తాయి. పైప్‌కు (ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదివే గొట్టం) రాసే కొస ఏదో ఒక చైల్డ్ దగ్గర మిగిలిపోతే చదివేవాడికి ఫైల్ ముగింపు ఎప్పటికీ అందదు, రీడ్ అక్కడే వేలాడుతుంది. కొత్త కనెక్షన్ల కోసం కాచుకునే లిజనింగ్ సాకెట్ వెళ్లిపోతే, సర్వర్ ఆపి మళ్లీ లేపినప్పుడు పోర్ట్ వాడుకలో ఉందని ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే దాన్ని పట్టుకున్న చైల్డ్ ఇంకా బతికే ఉంది. ఎఫ్‌లాక్ (ఫైల్ తాళం) వేసిన ఫైల్‌దీ అదే తీరు: పేరెంట్ (చైల్డ్‌ను పుట్టించిన ప్రాసెస్) తన నకలు మూసినా, చైల్డ్ నకలు ఉన్నంతకాలం లాక్ విడవదు. లాగ్ ఫైల్ తుడిచేశాక కూడా డిస్క్ ఖాళీ కాకపోతే, డిస్క్ వాడకం చూపే డీఎఫ్ ఒక లెక్క, ఫైళ్ల సైజులు కూడే డీయూ ఇంకో లెక్క చెబుతుంటే, ఎవరో దాన్ని తెరిచి పట్టుకున్నారని అర్థం. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ వాళ్లను చూపిస్తుంది.

కోడ్ తిరగరాయడం పేరెంట్ వైపు నుంచి మొదలుపెట్టాం. తెరిచేటప్పుడే క్లోజ్ ఆన్ ఎగ్జెక్ గుర్తు పెట్టాలి. ఓపెన్‌కు ఓ_క్లోఎగ్జెక్, పైప్ బదులు పైప్2, డూప్2 బదులు డూప్3, యాక్సెప్ట్ బదులు యాక్సెప్ట్4, సాకెట్‌కు సాక్_క్లోఎగ్జెక్. ముందు తెరిచి, తర్వాత ఎఫ్‌సీఎన్‌టీఎల్ కాల్‌తో గుర్తు పెడితే చాలదా అంటే, థ్రెడ్లున్న (ఒకే ప్రాసెస్‌లో పలు పనులు పక్కపక్కన నడిచే) ప్రోగ్రామ్‌లో చాలదు. ఆ రెండు లైన్ల మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసిందంటే డిస్క్రిప్టర్ గుర్తు లేకుండానే దాటిపోతుంది. ఇవన్నీ లినక్స్ 2.6.23 నుంచి 2.6.28 మధ్యలో వచ్చినవే, ఇప్పుడు ఏ మెషీన్‌లోనైనా ఉంటాయి. ఎఫ్ఓపెన్ వాడేచోట జీలిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) మోడ్ చివర ఇ అక్షరం చేరిస్తే సరిపోతుంది.

అయినా మనం రాయని లైబ్రరీలు తెరిచేవి ఉంటాయి కదా. డేటాబేస్ లైబ్రరీ, ప్రింటర్ లైబ్రరీ ఎలా తెరుస్తాయో మన చేతిలో లేదు. అందుకే ఎగ్జెక్‌కు ముందు ఒక జల్లెడ తప్పదు. ఆ జల్లెడే క్లోజ్_రేంజ్ సిస్టమ్ కాల్, లినక్స్ 5.9లో, 2020లో వచ్చింది. మొదటి అంకె, చివరి అంకె ఇస్తే ఆ మధ్యలో తెరిచి ఉన్నవన్నీ కెర్నెల్ ఒకేసారి మూస్తుంది. చివరి అంకెగా అన్‌సైన్డ్ ఇంట్ గరిష్ఠ విలువ ఇచ్చినా భయం లేదు, కెర్నెల్ తన పట్టిక ఎంతవరకు ఉందో అంతవరకే నడుస్తుంది. అంటే లిమిట్ ఎంతైనా ఒక్కటే కాల్. జీలిబ్‌సీ 2.34 నుంచి దీనికి ఫంక్షన్ ఉంది. అంతకంటే పాతదైతే సిస్‌కాల్ ద్వారా 436 నంబర్‌తో పిలవాలి, ఎక్స్86-64, ఏఆర్ఎమ్64 ప్రాసెసర్లు రెండింటిలోనూ నంబర్ ఇదే.

మొదటి ప్రయత్నంలో నేరుగా 3 నుంచి చివరిదాకా మూసేశాను. అక్కడ ఎర్రర్ పైప్ పోయింది. ఎగ్జెక్ విఫలమైతే చైల్డ్ ఆ ఎర్రర్ నంబర్‌ను ఒక పైప్‌లో రాస్తుంది. ఎగ్జెక్ నెగ్గితే పైప్ దానంతట అదే మూసుకుపోయి, పేరెంట్‌కు సున్నా బైట్లు వస్తాయి. సున్నా వస్తే గెలిచినట్టు. మరి ఎగ్జెక్‌కు ముందే పైప్‌ను మనమే మూసేస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది! కన్వర్టర్ (పట్టీని పీడీఎఫ్ చేసే ప్రోగ్రామ్) ఫైల్ పేరు తప్పున్నా సరే, పేరెంట్ "పట్టీ పంపాం" అని రాసుకుంటుంది. ప్రింటర్ దగ్గర కాగితం రాదు, రికార్డులో మాత్రం వచ్చినట్టే ఉంటుంది. నెమ్మదిగా వచ్చే పట్టీ కంటే ఇది ఎంతో ప్రమాదం.

దీనికి మందుగా రేంజ్‌ను రెండుగా చీల్చాను: 3 నుంచి పైప్ నంబర్‌కు ఒకటి తక్కువ దాకా, ఒకటి ఎక్కువ నుంచి చివరిదాకా. రెండు రోజులు బాగానే నడిచి, ఒక టెస్ట్‌లో ఈఇన్వాల్ (చెల్లని విలువ ఇచ్చారన్న ఎర్రర్) వచ్చింది. పైప్ నంబర్ సరిగ్గా 3 అయినప్పుడు మొదటి ముక్క 3 నుంచి 2 దాకా అవుతుంది, మొదటిది చివరిదానికంటే పెద్దదైతే కెర్నెల్ ఒప్పుకోదు.

చివరికి నిలిచింది చీల్చడం కాదు, మూయకుండా గుర్తు మాత్రం పెట్టడం. క్లోజ్_రేంజ్‌కు క్లోజ్_రేంజ్_క్లోఎగ్జెక్ అనే ఫ్లాగ్ ఉంది, విలువ 4, లినక్స్ 5.11లో చేరింది. ఇది 3 నుంచి పైనున్న అన్నింటికీ గుర్తు పెట్టి వదిలేస్తుంది. ఎగ్జెక్ నెగ్గితే అన్నీ కెర్నెల్ చేతుల మీదుగా మూసుకుపోతాయి, విఫలమైతే ఎర్రర్ పైప్ ఇంకా తెరిచే ఉంటుంది. చీల్చే పనే లేదు. చైల్డ్‌కు కావాలని అందించాల్సిన డిస్క్రిప్టర్ ఏదైనా ఉంటే, ఈ కాల్ తర్వాత దాని గుర్తును ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో తీసేయాలి.

పాత కెర్నెల్ సంగతి. ఇక్కడ చూడాల్సింది కంటైనర్ ఇమేజ్‌ను కాదు, కింద నడిచే హోస్ట్ కెర్నెల్‌ను. ఉబుంటు 22.04 మొదట వచ్చిన కెర్నెల్ 5.15, ఇబ్బంది లేదు. 20.04 మొదట వచ్చింది 5.4తో, అందులో ఈ కాల్ లేదు, ఈనోసిస్ (అలాంటి కాల్ లేదన్న ఎర్రర్) వస్తుంది. 5.9, 5.10లలో కాల్ ఉన్నా ఆ ఫ్లాగ్ తెలియదు, ఈఇన్వాల్ వస్తుంది. కొన్ని పాత కంటైనర్ ఏర్పాట్లలో సెక్‌కాంప్ ఫిల్టర్ (ఏ కాల్స్‌ను అనుమతించాలో చూసే కాపలా) తనకు తెలియని కాల్‌ను ఈపెర్మ్‌తో (అనుమతి లేదన్న ఎర్రర్) తిప్పికొడుతుంది. ఈనోసిస్ ఒక్కదాన్నే పట్టించుకునే కోడ్ ఇక్కడ పడిపోతుంది. ఏ ఎర్రర్ వచ్చినా రెండో దారికి పోవాలన్నదే మేం పెట్టుకున్న పద్ధతి.

రెండో దారి ప్రాక్ కింద సెల్ఫ్, దాని కింద ఎఫ్‌డీ ఫోల్డర్. తెరిచి ఉన్న డిస్క్రిప్టర్ల నంబర్లు మాత్రమే అందులో ఉంటాయి, పది తెరిచి ఉంటే పది పేర్లే. ఫోల్డర్ చదివే మామూలు ఫంక్షన్లు ఓపెన్‌డిర్, రీడ్‌డిర్ మాత్రం ఇక్కడ వాడొద్దు. ఓపెన్‌డిర్ లోపల మాలాక్‌ను (మెమరీ కేటాయించే ఫంక్షన్) పిలుస్తుంది. ఫోర్క్ జరిగిన క్షణంలో ఇంకో థ్రెడ్ మాలాక్ లాక్ పట్టుకుని ఉంటే, చైల్డ్‌లో ఆ థ్రెడ్ ఉండదు, ఆ లాక్‌ను విడిచేవాడూ ఉండడు. జీలిబ్‌సీ తన మాలాక్‌ను ఫోర్క్ దగ్గర కాపాడుకుంటుంది గానీ, వేరే మాలాక్ పెట్టుకున్న ప్రోగ్రామ్‌కు ఆ హామీ లేదు. కాబట్టి ఓ_క్లోఎగ్జెక్‌తో ఫోల్డర్ తెరిచి, గెట్‌డెంట్స్64ను (ఫోల్డర్‌లోని పేర్లు ఇచ్చే సిస్టమ్ కాల్) నేరుగా పిలిచి, స్టాక్ మీది బఫర్‌లోకి చదివి, పేరులోని అంకెలను చేత్తో లెక్కగట్టి గుర్తు పెట్టాం. పైథాన్ 3 సబ్‌ప్రాసెస్‌లో (చైల్డ్‌లను లేపే మాడ్యూల్) కూడా లినక్స్‌లో గెట్‌డెంట్స్64తో ఈ ఫోల్డర్‌ను చదివే దారి ఉంది. పైథాన్ 2.7లో క్లోజ్_ఎఫ్‌డీఎస్ ట్రూ అంటే మా పాత లూప్ లాంటిదే నడిచేది, దాన్ని ఇంకా వాడేవాళ్లకు పెద్ద లిమిట్ దగ్గర ఇదే కథ. క్రూట్‌లో (ప్రోగ్రామ్‌ను ఒక ఫోల్డర్‌కే కట్టడి చేసే ఏర్పాటు) ప్రాక్ మౌంట్ కాకపోతే ఈ దారి కూడా ఉండదు. అప్పుడు చప్పుడు చేయకుండా పాత లూప్‌లోకి దిగేకంటే లాంచ్‌నే ఎర్రర్‌తో ఆపేయడం మంచిదని నా అభిప్రాయం, అలాగే చేశాం.

ఇంకో రెండు గుంటలు. అందించాల్సిన డిస్క్రిప్టర్ నంబర్, చైల్డ్‌లో కావాల్సిన నంబర్ ఒకటే అయితే డూప్2 (డిస్క్రిప్టర్‌ను ఇంకో నంబర్‌కు నకలు చేసే కాల్) ఏమీ చేయదు, గుర్తు కూడా తీయదు. చైల్డ్ లేచేసరికి అది మూసుకుని ఉంటుంది. ఆ ఒక్క సందర్భానికి ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో గుర్తు తీయాలి. రెండోది: డీమన్‌గా (తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌గా) మారేటప్పుడు 0, 1, 2 మూసేసిన ప్రోగ్రామ్‌లో ఎర్రర్ పైప్‌కే 1వ నంబర్ రావచ్చు, తర్వాత స్టాండర్డ్ అవుట్‌పుట్ అమర్చే డూప్2 దాన్ని తొక్కేస్తుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే ఆ మూడింటినీ డెవ్ నల్‌తో (రాసినదంతా మింగేసే ఉత్త ఫైల్) నింపితే ఈ బాధ ఉండదు.

మార్పులయ్యాక యూలిమిట్ తీసేసి, లిమిట్‌ను మళ్లీ 1073741816కు వదిలి, ఎస్‌ట్రేస్ పెట్టాను. ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ మధ్య డూప్2లు, వాటి కింద ఒకే ఒక్క క్లోజ్_రేంజ్, తిరిగి వచ్చింది సున్నా. కన్వర్టర్ స్థానంలో ఒక నిమిషం స్లీప్ పెట్టి, ఆ చైల్డ్ ఎఫ్‌డీ ఫోల్డర్‌ను ఎల్ఎస్‌తో చూస్తే మూడే పేర్లు: 0, 1, 2.