లైన్ చివర బ్యాక్‌స్లాష్
క్లౌడ్ గైడ్‌లోని కమాండ్‌ని నాలుగోసారి కాపీ చేసి పేస్ట్ చేశాను. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు.

చూస్తే, తంటా అంతా లైన్ చివరి బ్యాక్‌స్లాష్ (\) తో. లినక్స్, మ్యాక్ టెర్మినల్‌లో దానర్థం ‘కమాండ్ ఇంకా అయిపోలేదు, కింది లైన్ కూడా చదువు’ అని. నా విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో ఆ పని చేసేది బ్యాక్‌టిక్ (`). పాత కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే క్యారెట్ (^) గుర్తు. గైడ్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు.

తర్వాత, సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే కీ ఫైల్‌ని ఇంకెవరూ చదవకుండా ‘సీహెచ్‌మాడ్ 400’ (chmod 400) కొట్టమంది. పవర్‌షెల్‌లో ఆ కమాండే లేదు.

విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ (WSL) వేసుకోమంటారు. సరే, మరి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు లేనివాళ్లు?

కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘నాకే రావట్లేదు’ అనుకుని వదిలేస్తారేమోనని నా బాధ. గైడ్‌లో లినక్స్ కమాండ్ల పక్కనే పవర్‌షెల్ ట్యాబ్ ఒకటి పెడితే చాలు కదా!

పనిచేసిన కమాండ్లన్నీ రాసి ఫీడ్‌బ్యాక్‌లో పంపాను.